ఓటు పెట్టెలో పడ్డాక మొదలయ్యే కథ

విజయనగరం

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పలాస నుంచి ఎడిన్‌బరో వెళ్లిన కుటుంబం, 2022 మే 5న అక్కడి కౌన్సిల్ ఎన్నిక, పదహారేళ్ల కూతురు తల్లితోపాటు వెళ్లి ఓటెయ్యడం, ఇవన్నీ చక్కగా కుదిరాయి. పదహారేళ్లకే ఓటేమిటని ఎవరైనా అడిగితే తగ్గకు. స్కాట్లాండ్ స్థానిక ఎన్నికల్లో ఆ వయసుకే ఓటుంది. అక్కడ చట్టబద్ధంగా ఉంటూ జాబితాలో పేరు రాయించుకున్న మన దేశస్థులకూ ఉంది. చిక్కంతా ఓటు పెట్టెలో పడ్డాకే వచ్చింది.

మన మున్సిపాలిటీ ఎన్నికను తీసుకెళ్లి అక్కడ దించేశావు. మనకు వార్డుకి ఒక్కరే, ఎవరికి ఎక్కువొస్తే వారే. 2021లో విజయనగరం కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు 48 ఒకే పార్టీకి వెళ్లాయి. ఈ పద్ధతిలో అలా జరుగుతుంది. స్కాట్లాండ్ కౌన్సిళ్లకు 2007 నుంచి దామాషా పద్ధతి, అంటే వచ్చిన ఓట్ల నిష్పత్తికి దగ్గరగా సీట్లొచ్చే పద్ధతి నడుస్తోంది. వార్డుకి సాధారణంగా ముగ్గురో నలుగురో సభ్యులుంటారు. ఓటరు ఒక ముద్ర వేసి ఊరుకోడు, 1, 2, 3 అని వరస రాస్తాడు. ఇది మన పాఠకులకు బొత్తిగా కొత్త కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఊదారంగు స్కెచ్ పెన్నుతో అంకెలు వేసినవాళ్లు శ్రీకాకుళంలోనూ ఉన్నారు, విజయనగరంలోనూ ఉన్నారు. 2023లో ఉత్తరాంధ్ర పట్టభద్రుల స్థానం రెండో ప్రాధాన్య ఓట్లతోనే తేలింది. కథలో తల్లికి ఆ ఓటు జ్ఞాపకం ఉందనుకో, రెండు వాక్యాల్లో పద్ధతంతా చెప్పేయొచ్చు.

‘కోటా’ అన్న మాట దగ్గర మాత్రం ఆగి రాయి. మనవాళ్లకది రిజర్వేషన్నో రేషన్ డిపోనో గుర్తు చేస్తుంది. ఇక్కడ దానర్థం గెలవడానికి చాలిన ఓట్లు. చెల్లిన ఓట్లను సీట్లకు ఒకటి కలిపిన అంకెతో భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలపాలి. నీ వార్డులో 4,000 ఓట్లు, నాలుగు సీట్లు అనుకుందాం. 4,000ని 5తో భాగిస్తే 800, ఒకటి కలిపితే 801. ఒకామెకు 1,201 వచ్చాయి. ఆమె గెలిచింది, 400 మిగులు.

ఆ 400 ఏవి? నువ్వు పైనున్న 400 చీటీలు తీసి పంచేశావు. స్కాట్లాండ్‌లో అలా చెయ్యరు. 1,201 చీటీలూ కదులుతాయి, ఒక్కొక్కటి తగ్గిన విలువతో. 400ని 1,201తో భాగిస్తే 0.33305. అయిదు దశాంశాల దగ్గర కోసేస్తారు, పైకి సవరించరు. ఆ చీటీల్లో 600 మంది రెండో అంకె ఒకాయనకు వేస్తే ఆయనకు చేరేది 199.83 ఓట్లు. పై చెరువు నిండి కింది చెరువుకు నీరు పారినట్టని రాశావు, పోలిక బావుంది. కానీ నీరు పల్లానికే పోతుంది, ఈ ఓటు ఓటరు చెప్పిన చోటికి పోతుంది. ఆ ఒక్క వాక్యం చేర్చు. ఎవరికీ మిగులు లేనప్పుడు అడుగునున్న అభ్యర్థిని తొలగించి, ఆయన చీటీలను ఉన్న విలువతోనే తర్వాతి అంకెకు పంపుతారు. తర్వాతి అంకె లేని చీటీ అక్కడితో ఆగిపోతుంది.

చీటీలు చేత్తో కట్టలు కట్టే దృశ్యం ఎంత బావున్నా ఎడిన్‌బరోలో చెల్లదు. అక్కడ చీటీలను యంత్రం స్కాన్ చేస్తుంది. సందేహమున్నవి తెరమీద పెట్టి అధికారి తేలుస్తాడు, అభ్యర్థుల మనుషులు చూస్తుంటారు. ఉత్కంఠ ఆ తెర ముందు పెట్టు. చేత్తో లెక్క, రోజులకొద్దీ సాగడం, కటకటాల మీద వాలి విప్పుతున్న చీటీల్ని చూస్తూ కాగితం మీద గీతలు గీసుకునే కార్యకర్తలు, ఇవన్నీ కావాలంటే కథను ఐర్లాండ్‌కి మార్చాలి. అప్పుడు మిగులు పంపకం నియమం కూడా మారుతుంది.

పార్టీలు ఓడేది చాలాసార్లు నామినేషన్ల దగ్గరే. 1,200 ఓట్ల బలమున్న పార్టీ ముగ్గుర్ని దింపితే తలా నాలుగు వందలతో ముగ్గురూ అడుక్కి జారే ప్రమాదం ఉంది. తొలగినవాడి ఓట్లన్నీ సొంత పార్టీకే రావు, దారిలో కొన్ని కారిపోతాయి. ఇంకొకటి, చీటీలో పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. ఒకే పార్టీ వాళ్లిద్దరుంటే పైనున్న పేరుకే ఎక్కువమంది 1 వేస్తారు. నీ అభ్యర్థి ఇంటిపేరు ‘యాళ్ల’. ఇంగ్లీషు వరసలో అది అట్టడుగు. చేతికందిన ఈ విషయాన్ని ఒగ్గేశావు! అందుకే పార్టీలు ఈ వీధిలో ఫలానాకి 1, ఆ వీధిలో ఇంకొకరికి 1 అని కరపత్రాలు పంచుతాయి. ఆ కరపత్రం తల్లి చేతిలో పెట్టు.

ఫలితం వచ్చాక నువ్వు ఒక్క పేరాలో ముగించావు. నా లెక్కలో కథలో సగం అక్కడే ఉంది. ఆ ఏడు ఎడిన్‌బరోలో 63 సీట్లు. స్కాటిష్ నేషనల్ పార్టీకి 19, లేబర్‌కి 13, లిబరల్ డెమోక్రాట్లకు 12, గ్రీన్స్‌కి 10, కన్సర్వేటివ్‌లకు 9. సగం దాటాలంటే 32 కావాలి. మొదటి పార్టీ, గ్రీన్స్ కలిసినా 29. లిబరల్ డెమోక్రాట్లు, కన్సర్వేటివ్‌లు మద్దతివ్వగా 13 మంది ఉన్న లేబర్ పగ్గాలు పట్టింది. గెలిచామని మిఠాయి పంచినవాళ్లు ప్రతిపక్షంలో కూర్చున్నారంటే వాళ్ల ఇంట్లో ఆ వారం ఎలా గడుస్తుందో అది రాయి. విప్ ధిక్కరించినవాడి సభ్యత్వం పోయిందని రాశావు, అది మన చట్టం. అక్కడ పార్టీ సస్పెండ్ చేస్తుందేమో గానీ సీటు పోదు. నడిపేవాణ్ణి మేయర్ అనకు, కౌన్సిల్ నాయకుడు అను.

తిరగరాసే ముందు తెల్లకాగితం మీద పట్టిక గియ్యి. అడ్డంగా రౌండ్లు (మిగులు పంచినా, ఒకర్ని తొలగించినా అదొక రౌండు), నిలువుగా అభ్యర్థులు, చివరి వరసలో ఆగిపోయిన ఓట్లు, దశాంశాల్లో పోయిన ముక్కలు. ప్రతి రౌండు కిందా మొత్తం 4,000 రావాలి. రాకపోతే ఆ రౌండు దగ్గరే కథలో తప్పుంది. పట్టిక కుదిరాక దాన్ని కథతోపాటు నాకు బేగి పంపు.

నీ
అన్నయ్య