ప్లస్ సైజు మోడళ్లతో ఇన్ని ప్రకటనలు వస్తున్నాయి కదా, వాటివల్ల లావుగా ఉన్న ఆడవాళ్లకు నిజంగా ఏమైనా ఒరిగిందా?

ఒరిగింది, కానీ ప్రకటనల్లో కనిపించినంత కాదు. నేను హైదరాబాద్‌లో రెడీమేడ్ కుర్తీలు తయారుచేసే ఒక యూనిట్‌లో చాలా ఏళ్లు కటింగ్ విభాగంలో పనిచేసి, ఇప్పుడు సొంతంగా బట్టలు కుట్టిస్తున్నాను. నా ఛాతీ కొలత కూడా 46 అంగుళాలు కాబట్టి ఈ విషయాన్ని బట్ట కత్తిరించే వైపు నుంచీ, తొడుక్కునే వైపు నుంచీ చూశాను. ఫోటోలో మనిషి మారితే చాలదని, కటింగ్ టేబుల్ మీది కొలత మారాలని నా గట్టి నమ్మకం.

ఒక కుర్తీ డిజైన్‌కు సాధారణంగా ఎం సైజులో ముందు నమూనా కత్తిరిస్తారు. అది కుదిరాక సైజు సైజుకూ ఛాతీకి రెండేసి అంగుళాలు, భుజానికి అరంగుళం చొప్పున కలుపుకుంటూ పోతారు. దీన్నే గ్రేడింగ్ అంటాం. ఎక్స్‌ఎల్ దాకా ఈ లెక్క ఇంచుమించు పనిచేస్తుంది. ఆపైన చెడిపోతుంది, ఎందుకంటే మనిషి లావైనంత మాత్రాన భుజం ఎముక పెరగదు. మా యూనిట్‌లో ఎం సైజుకు 14.5 అంగుళాలుండే భుజం 4ఎక్స్‌ఎల్‌కు వచ్చేసరికి 17 అంగుళాలయ్యేది. అంత భుజమున్న స్త్రీలు నాకు ఎప్పుడో గానీ తగల్లేదు. అందువల్ల భుజం కిందికి జారుతుంది, మెడ వెడల్పయి లోపలి పట్టీ బయటికి కనిపిస్తుంది, జబ్బ దగ్గర మాత్రం చెయ్యి దూరదు. ఛాతీ, పొట్ట ఎత్తుగా ఉన్నవారికి ముందు భాగాన్ని కాస్త పొడవుగా కత్తిరించకపోతే అంచు ముందువైపు పైకి లేచి, వెనకవైపు వేలాడుతుంది. ఇన్ని లోపాలున్న బట్టను ట్రయల్ రూమ్‌లో వేసుకుని చూసుకున్న ఆవిడ, తప్పు గ్రేడింగ్‌లో ఉందని అనుకోదు, తన ఒంట్లో ఉందనుకుంటుంది. అలా చిన్నబోయిన ముఖంతో బయటికి వచ్చి, "సన్నబడ్డాక తీసుకుంటాలెండి" అని కుర్తీని అక్కడే వదిలేసి వెళ్లిన వాళ్లను చాలామందిని చూశాను.

మా యూనిట్‌లో మొదట్లో అన్ని సైజులకూ ఒకే సన్నని అమ్మాయితో ఫోటోలు తీయించేవారు. షాపుల్లో బొమ్మలకు చేసినట్టే, కుర్తీని వీపు వెనక క్లిప్పులతో బిగించి, ముందు నుంచి అచ్చుపోసినట్టు కనిపించేలా చేసేవారు. తర్వాత మార్కెట్లో గాలి మారి, ప్లస్ సైజు మోడల్‌ను పిలిచారు. నాకు ఎంతో సంతోషం కలిగింది. కానీ ఆ ఫోటోల కోసం ఆ అమ్మాయి ఒంటి కొలతలు తీసి, భుజం తగ్గించి, చేతి చుట్టుకొలత పెంచి విడిగా కుట్టమని మాకు చెప్పారు. కుట్టాం, చాలా అందంగా కుదిరింది. అమ్మకానికి వెళ్లిన సరుకు మాత్రం పాత గ్రేడింగ్‌తోనే వెళ్లింది. ప్రకటన చూసి ఆశపడి తెప్పించుకున్నవారికి ఫోటోలోని బట్ట కాక వేరే బట్ట అందింది. సన్నని మోడల్‌ను చూపించి అమ్మడం కన్నా ఇది పెద్ద అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే ఈసారి ఆమెకు నమ్మకం కలిగించి మరీ నిరాశపరిచారు.

అసలు పెద్ద సైజుల బట్టల వ్యాపారం పుట్టింది కొలతల నుంచే. 1904లో లేనా బ్రయంట్ అనే వలస మహిళ న్యూయార్క్‌లో ప్రారంభించిన లేన్ బ్రయంట్ దుకాణం మొదట గర్భిణుల దుస్తులకు పేరు పొందింది. తర్వాత, వృత్తిరీత్యా ఇంజనీరైన ఆమె భర్త ఆల్బర్ట్ మాల్సిన్ సుమారు 4,500 మంది కస్టమర్ల కొలతలు తీయించి, ఒక బీమా సంస్థ నుంచి దాదాపు 2 లక్షల మంది వివరాలు సేకరించి, లావుగా ఉన్న స్త్రీల శరీరాలు స్థూలంగా మూడు తీరుల్లో ఉంటాయని తేల్చాకే పెద్ద సైజులు నిలదొక్కుకున్నాయి. మన కంపెనీలు చాలాకాలం అమెరికా, బ్రిటన్ సైజు పట్టికలనే అటూ ఇటూ సవరించి వాడుతూ వచ్చాయి. ఆ లోటు తీర్చడానికే ఫ్యాషన్ కోర్సులు నేర్పే ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ ఇండియాసైజ్ పేరుతో, 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందిని 3డి స్కానర్లతో కొలిచే సర్వే తలపెట్టింది. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. నా దృష్టిలో ఎన్ని ప్రకటనలు వచ్చినా ఈ ఒక్క పనికి సాటిరావు.

చీరల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చీర అందరికీ సరిపోతుందని ధీమాగా అంటుంటారు. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లే ఉంటుంది. మోచేతుల దాకా చేతులు కావాలంటే నా వంటివారికి అది చాలదు. చంక కింద వేరే గుడ్డ అతుకు పడవలసిందే.

ఇక ప్రకటనల వల్ల కలిగిన మేలు. డవ్ సంస్థ 2004లో రకరకాల ఒళ్లున్న మామూలు స్త్రీలతో ప్రచారం మొదలుపెట్టింది. దాని మాతృసంస్థ యూనిలీవరే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీని 2020 దాకా అదే పేరుతో అమ్మింది కాబట్టి, కంపెనీల చిత్తశుద్ధిని నమ్మి ఊరుకోవద్దనే చెబుతాను. అయినా 2016లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ప్లస్ సైజు మోడళ్లు ర్యాంప్ మీద నడవడం వంటివి వృథా పోలేదు. గతంలో నా దగ్గరికి వచ్చే లావుపాటి అమ్మాయిలు హీరోయిన్ల ఫోటోలు చూపించి, నేను నోరు తెరిచేలోపే "నాకు బాగోదులెండి ఆంటీ" అని ఫోన్ లోపల పెట్టేసుకునేవారు. ఇప్పుడు తమలాంటి ఒళ్లున్న అమ్మాయి ఫోటోనే తెచ్చి, "నాకూ ఇలాగే కుట్టండి, చేతులు మాత్రం బిగుతు కాకుండా చూడండి" అని అడుగుతున్నారు. అలా అడిగే ధైర్యం ప్రకటనల వల్లే వచ్చిందంటే ఒప్పుకుంటాను.

దీనివల్ల స్థూలకాయాన్ని ప్రోత్సహించినట్టు కాదా అని కొందరు అంటారు. బరువు సంగతి ఆ మనిషీ, డాక్టరూ చూసుకుంటారు. ఈరోజు ఆఫీసుకు వెళ్లడానికి ఒంటికి సరిపడే బట్ట మాత్రం ఈరోజే కావాలి.

కొనేటప్పుడు మోడల్‌ను చూసి తృప్తిపడకండి. సైజు పట్టికలో ఉన్నవి ఒంటి కొలతలా, బట్ట కొలతలా అన్నది ముందు తేల్చుకోండి. జబ్బ చుట్టుకొలత, భుజం కొలత ఇచ్చారేమో వెతకండి, ఇవ్వకపోతే అడగండి. శరీరాకృతిని హేళన చేసే ప్రకటన కనిపిస్తే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయండి, వారి నియమావళి దాన్ని అనుమతించదు. బట్ట కుదరక వెనక్కి పంపేటప్పుడు "సైజు సరిపోలేదు" అని వదిలేయకుండా, "జబ్బ బిగుతు, భుజం జారుతోంది" అని విడమరచి రాయండి. మా యూనిట్‌లో ఆ కారణాల పట్టిక నెలనెలా కటింగ్ విభాగానికి వచ్చేది, చివరికి పెద్ద సైజుల చేతి కొలత మార్చింది దాన్ని చూసే.