తాడు జారిన పడవ: మేనల్లుడికి ఉత్తరం

ప్రియమైన మేనల్లుడికి,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు హైదరాబాద్ వెళ్లి రెండేళ్లయినా ఏ సంఘంలోనూ కుదురుకోలేదని, ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నిన్ను తిట్టడానికి రాయడం లేదు నాన్నా. ఒకసారి కొట్టుకుపోయి వచ్చినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

హెబ్రీ పత్రిక 2వ అధ్యాయం మొదటి వచనం తీసి చూడు. విన్న సంగతులను విడిచిపెట్టి "కొట్టుకొనిపోకుండునట్లు" జాగ్రత్తపడమని ఉంది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లం, ఆ మాట మనకు ఒకరు విడమరచి చెప్పాలా? రేవులో గుంజకు కట్టిన తాడు జారితే చప్పుడు కాదు. పడవలో పడుకున్నవాడికి మెలకువ కూడా రాదు. లేచి చూసేసరికి రేవు ఎక్కడో ఉంటుంది.

నాకు ముప్పై ఎనిమిదేళ్లప్పుడు బదిలీ మీద కొత్త ఊరు వెళ్లాను. బడి, ట్యూషన్లు, ఇల్లు కట్టడం, అప్పుల టెన్షన్. ఉదయం ఐదింటికి లేచి చేసే ప్రార్థన పది నిమిషాలకు తగ్గింది. తర్వాత సైకిల్ మీద వెళ్తూ చేసుకుందాంలే అనుకున్నాను. తర్వాత అదీ పోయింది. తాగుడు లేదు, చెడు తిరుగుడు లేదు. పైగా సంఘానికి కోశాధికారిని, ఆదివారం పాట ఎత్తేది నేనే. అందుకే ఎవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఇలా నాలుగేళ్లు గడిచాయి.

ఒక రాత్రి పక్కింటి పెద్దాయన చివరి ఘడియల్లో ఉన్నారని కబురొచ్చింది. పాస్టరు గారు ఊళ్లో లేరు. "మాస్టారూ, మీరు ప్రార్థన చేయండి" అంది ఆయన భార్య. చేశాను. మాటలన్నీ వరసగా వచ్చాయి, ఒక్కటీ తడబడలేదు. కానీ ఎవరితో మాట్లాడుతున్నానో నాకే తెలియలేదు. నా చేతిలో ఆయన చెయ్యి చల్లబడుతోంది. ఆవిడ "ఆమేన్" అని ఏడుస్తోంది. ఇంటికి వచ్చి లోపలికి వెళ్లలేక గుమ్మంలోనే కూర్చుండిపోయాను. యెహోవా తనను విడిచాడని తెలియకుండానే మహాబలుడు సమ్సోను ఎప్పటిలాగే లేచాడే, బైబిల్లో న్యాయాధిపతులు 16లో, ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. బడిపిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఆ కథ.

కాబట్టి సేవ చేస్తున్నాను కదా అని ధైర్యంగా ఉండకు. స్టేటస్‌లో వాక్యం పెట్టడం వాక్యం చదవడం కాదు. తలుపు వేసుకున్నాక నీకూ దేవునికీ మధ్య మాటలు ఉన్నాయా లేవా, అది చూసుకో.

తిరిగి రావడం ఎలా అంటావేమో. ప్రకటన గ్రంథం 2లో చూడు, ఎఫెసు పట్టణంలోని సంఘం మొదటి ప్రేమ వదిలేసినప్పుడు ప్రభువు మొదటి క్రియలు చేయమన్నాడు. మొదటి ఉత్సాహం తెచ్చుకుని రమ్మనలేదు. ఇది నన్ను బతికించింది. మర్నాడే ఐదింటికి లేచాను. నెలన్నర ఎండిపోయినట్టే ఉంది. కీర్తనలు పైకి చదివేవాణ్ణి, అంతే. ఒకరోజు దావీదు పశ్చాత్తాపపడి పాడిన 51వ కీర్తన మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఆ తారీఖు నా బైబిల్ అంచున ఇప్పటికీ ఉంది.

నీది నైట్ షిఫ్ట్, నీకు ఐదు గంటలు కుదరదు. డ్యూటీ నుంచి వచ్చి పడుకునే ముందు అరగంట పెట్టుకో. ఆ అరగంట ఫోన్ వేరే గదిలో ఉండాలి. బాప్తిస్మం నాడు మీ అమ్మ ఇచ్చిన బైబిల్ బయటికి తియ్యి. సంఘం విషయంలో పెద్ద హాలు, మంచి సంగీతం వెతక్కు. నువ్వు ఒక వారం రాకపోతే "అబ్బాయి ఏడీ?" అని అడిగే చోటు చూసుకో. వారం మధ్యలో జరిగే గృహకూడికలో కూర్చో. దేమా సంగతి చూడు. ఫిలేమోను పత్రికలో పౌలు అతన్ని జతపనివాడు అన్నాడు. తిమోతికి రాసిన రెండో పత్రికకు వచ్చేసరికి లోకాన్ని స్నేహించి వెళ్లిపోయాడని రాశాడు. ఈ మధ్యలో అతన్ని ఎవరైనా కూర్చోబెట్టి అడిగారో లేదోనని నాకు బాధగా ఉంటుంది.

నన్ను అడిగినవాడు ఉన్నాడు. మా సంఘంలో ఒక ముసలి రైతు. సంగతంతా ఆయనకే చెప్పుకున్నాను. చనిపోయేదాకా ప్రతి శనివారం "ఈ వారం ప్రార్థన ఎలా ఉంది మాస్టారూ?" అని అడిగేవాడు. అబద్ధం చెప్పలేకపోయేవాణ్ణి.

నీకు సెలవు శనివారమేగా. రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తాను. అదే అడుగుతాను. బాగాలేకపోతే బాగాలేదనే చెప్పు, ఇద్దరం ఫోన్‌లోనే మోకరిద్దాం.

మీ మావయ్య