పదో తరగతి తరువాత మేస్త్రీ వెంట పంపాలా, కళాశాలకు పంపాలా?

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లాలో ఒక పల్లె. నేను, నా భార్య ఏటా గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని కట్టడం పనులకు బొంబాయి, హైదరాబాద్ వెళ్తాం. ఇంకా లక్షన్నర బాకీ ఉంది. మా అమ్మాయి ఈ ఏడు ప్రభుత్వ బడిలో పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. నర్సు కావాలంటోంది. మాతో వస్తే ముగ్గురి కూలితో బాకీ త్వరగా తీరుతుంది. పక్కింటి అబ్బాయి డిగ్రీ చదివి కూడా ఖాళీగా ఉన్నాడు. చదివిస్తే మా బతుకు నిజంగా మారుతుందా?
– ఒక తండ్రి

జవాబు: మారుతుందనే నా నమ్మకం. అయితే చదువు మధ్యలో ఆగకూడదు, దాని కోసం మీరు కొత్త అప్పు చేయకూడదు, చివర చేతికొచ్చే అర్హతకు బయట ఉద్యోగం ఉండాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మీ భయం నిజమయ్యే అవకాశం ఉంది.

ముందుగా పక్కింటి అబ్బాయి విషయం. చదువుకున్న యువతలో నిరుద్యోగ శాతం చదువు లేనివారిలో కంటే ఎక్కువగా ఉందని ప్రభుత్వ సర్వేలే చెబుతున్నాయి కాబట్టి మీ సందేహాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఏ చదువూ లేని పేదవాడు పని దొరికేదాకా ఎదురుచూడలేడు, ఎంత తక్కువ కూలికైనా ఆ రోజే వెళ్లాల్సి వస్తుంది, అందువల్ల అతడు నిరుద్యోగుల లెక్కలోకే రాడు. ఆ అబ్బాయి ఇబ్బందిని చూసి నేర్చుకోవలసింది కోర్సును జాగ్రత్తగా ఎంచుకోవాలని మాత్రమే. మీ అమ్మాయి కోరుకుంటున్నది ఆసుపత్రుల్లో నేరుగా పని దొరికే వృత్తి విద్య. ఆ కోరిక ఆమెకే కలగడం మంచి సూచన.

ఇక ఆమె కూలి సంగతి. మీరు చెప్పిన ముగ్గురి కూలి ఎక్కువ కాలం మీ ఇంట్లో ఉండదు. బడి మానేసిన ఆడపిల్లకు మన పల్లెల్లో ఏడాది, రెండేళ్లలోనే సంబంధాలు చూడటం మొదలవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. అప్పుడు పెళ్లి ఖర్చుకు మళ్లీ మేస్త్రీ దగ్గరికే వెళ్తారు, పాత బాకీ మీద కొత్త బాకీ చేరుతుంది, ఆమె పిల్లలు కూడా అదే గుంపులో పెరుగుతారు. తరతరాల పేదరికం ఇలాగే కొనసాగుతుంది. చదువు దీన్ని తెంపేది ఉద్యోగం వచ్చిన రోజున కాదు, పెళ్లిని, అడ్వాన్సును వాయిదా వేయించిన ప్రతి ఏడాదీ కొంత తెంపుతూనే ఉంటుంది.

1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ పనిలో ఉన్న పిల్లలను శిబిరాలలో చదివించి బడుల్లో చేర్పించినప్పుడు, పేదరికం వల్ల తల్లిదండ్రులు ఒప్పుకోరనే చాలామంది అనుకున్నారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. అక్కడ తేలింది, కూలి చేసుకునేవారు కూడా పిల్లల చదువును గట్టిగా కోరుకుంటారని, దారి చూపించే మనిషి ఉంటే పంపుతారని. మీరు ఈ ఉత్తరం రాయడమే అందుకు నిదర్శనం.

మీ అమ్మాయికి నేను సూచించే దారి ఇది. ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి, అదీ గురుకుల జూనియర్ కళాశాలలో గాని, ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయంలో గాని. అక్కడ భోజనం, వసతి ఉచితం కాబట్టి మీరు వలసలో ఉన్నా ఆమెకు ఇబ్బంది ఉండదు. ప్రైవేటు కళాశాలల వాళ్లు ఇంటికొచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందంటారు, కానీ ఆ డబ్బు ఆలస్యమైతే చివర సర్టిఫికెట్లు ఇవ్వడానికి విద్యార్థి దగ్గరే ఫీజు అడిగిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇంటర్ తరువాత నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ జరుపుతుంది. అందులో ప్రభుత్వ కళాశాలలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. సీటు రాకపోతే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం ఉంది, అది చేసినవారు తరువాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ అనే నర్సింగ్ డిగ్రీ కూడా చేయవచ్చు. విదేశాల్లో నర్సులకు ఉన్న గిరాకీని బట్టి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పించి పంపిస్తోంది. అది తరువాతి మాట, కానీ ఇంగ్లీషు మీద శ్రద్ధ ఇప్పటి నుంచే అవసరం.

బాకీ విషయంలో ఒక్కటి కచ్చితంగా పాటించండి. మేస్త్రీ పుస్తకంలో మీ అమ్మాయి పేరు ఎక్కనివ్వకండి. అడ్వాన్సు తీరేదాకా ఆమె వచ్చి పనిచేయాలని ఎవరైనా పట్టుబడితే అది 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం, జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. మీ భార్య మహిళా సంఘంలో సభ్యురాలైతే బ్యాంకు రుణం గాని, స్త్రీనిధి రుణం గాని తీసుకొని మేస్త్రీ బాకీని కొంతకొంతగా దించుకోండి. వడ్డీ తగ్గడం కన్నా, ఏ ఊరికి ఎప్పుడు బయలుదేరాలో మీరే నిర్ణయించుకోగలగడం ఇందులో పెద్ద లాభం.

మీరు పనికి బయలుదేరే లోపు మీసేవలో కుల, ఆదాయ ధ్రువపత్రాలు తీయించండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఆమె పేరు ఒకే విధంగా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. గురుకులాల ప్రవేశాలు ఫలితాల తరువాత ఎక్కువ రోజులు తెరిచి ఉండవు కాబట్టి ఆమె చదివిన బడి ప్రధానోపాధ్యాయులను ఈ వారమే కలిసి, మీరు ఊళ్లో లేనప్పుడు ఆమె కళాశాల నుంచి ఫోన్ వస్తే మాట్లాడే బాధ్యత ఎవరు తీసుకుంటారో కూడా అప్పుడే తేల్చుకోండి.