ఆ కారు మునగాలని మా అత్తయ్య ఎందుకు కోరుకుంది?

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి పోరు పడలేక మొన్న హిచ్‌కాక్ తీసిన 1960 నాటి 'సైకో' చూశాను. బాత్రూమ్‌లో హత్య గురించి ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను కదా, తీరా అది వచ్చేసరికి నాకేమీ అనిపించలేదు. భయమూ వేయలేదు. అంత గొప్ప సినిమా అని అందరూ అంటుంటే నాకు మాత్రమే అర్థం కాలేదేమో అని చిన్నతనంగా ఉంది. అసలు ఇందులో ఏం చూడాలి?
- ఒక గృహిణి, వనస్థలిపురం

జవాబు: చిన్నతనం ఎందుకమ్మా? ఆ హత్య సంగతి మీకు ముందే అందరూ చెప్పేశారు, అంతే. 1960లో చూసినవాళ్లకు తెలియదు. జానెట్ లీ అప్పటికి పెద్ద స్టార్. 109 నిమిషాల సినిమాలో యాభై నిమిషాలు కూడా గడవకముందే ఆమె పాత్ర చచ్చిపోతుంది. మన లెక్కలో ఇంటర్వెల్ కార్డు పడకముందే హీరోయిన్ లేదు! ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆమె ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటారని, సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి వదలొద్దని హిచ్‌కాక్ థియేటర్లవాళ్ల దగ్గర పట్టుబట్టాడు. ఆ దెబ్బ మీకు తగలదు, నాకూ తగల్లేదు. అందుకని దాన్ని పక్కన పెట్టి, హత్య అయ్యాక వచ్చే పది నిమిషాలు మళ్లీ చూడండి.

నేను ఈ సినిమా మొదటిసారి చూసింది 1987 వేసవిలో, చిక్కడపల్లిలో మా మేనత్త ఇంట్లో. అప్పట్లో వీసీఆర్ ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని, తెల్లారేలోపు ఎన్ని క్యాసెట్లు చూడగలిగితే అన్ని చూసేవాళ్లం. మా బావ రెండు తెలుగు సినిమాలతో పాటు ఇది తెచ్చాడు. కలర్ టీవీ కొన్నది బ్లాక్ అండ్ వైట్ సినిమా చూడ్డానికా అని ఇంట్లో గొడవ. అత్తయ్యకు ఇంగ్లిష్ రాదు. ఆమె శనివారం ఒంటిపొద్దు ఉండే మనిషి. చీమ కనబడినా పక్కకు జరిపి నడుస్తుంది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తి చూస్తూ కూర్చుంది.

హత్య అయిపోయింది. అత్తయ్య "అయ్యయ్యో" అని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత ఆ అమ్మాయి దిగిన మోటెల్ (రోడ్డు పక్క లాడ్జి) నడిపే కుర్రాడు నార్మన్ వచ్చి, తన తల్లి చేసిన పని చూసి గోడకు చేరబడి, ఇక శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. వాడు తుడుస్తున్నాడు. తొట్టి కడిగాడు, నేల తుడిచాడు, చేతులు కడుక్కున్నాడు, శవాన్ని షవర్ తెరలో చుట్టి కారు డిక్కీలో పెట్టాడు, ఆమె బట్టలు సర్దాడు. చివర్లో గదంతా ఇంకోసారి కలియజూసి బల్ల మీద మిగిలిన న్యూస్ పేపర్ చూశాడు. ఆ పేపర్ మడతలో ఆమె ఆఫీసు నుంచి దొంగిలించిన నలభై వేల డాలర్లున్నాయి. అది వాడికి తెలియదు. మామూలు చెత్తలా దాన్నీ డిక్కీలోకి విసిరేసి, కారును వెనకాల బురద మడుగులోకి తోశాడు. కారు బుడబుడమంటూ దిగుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. పైకప్పు ఇంకా బయటే ఉంది. వాడు నములుతున్న దవడ ఆగింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

చీకట్లో అత్తయ్య గొంతు వినబడింది: "అయ్యో, మునగలేదేమిటే? పాపం, పిల్లాడు దొరికిపోతాడు!"

ఎవరం మాట్లాడలేదు. నేనూ అదే అనుకుంటున్నాను మరి. పది నిమిషాల కిందట ఆ అమ్మాయి కోసం కళ్లు మూసుకున్న మనిషి, ఇప్పుడు ఆమె శవం ఉన్న కారు మునగాలని ఆరాటపడుతోంది. కరెంటు వచ్చేసరికి గంట దాటింది. ఆ గంటసేపు మా మీద మాకే ఒక రకమైన భయం వేసింది. సైకలాజికల్ హారర్, అంటే మన మనసులోంచే పుట్టే భయం, అనే మాట నాకు ఆ తర్వాత చాలా ఏళ్లకు తెలిసింది, కానీ అదేమిటో మాత్రం ఆ రాత్రే తెలుసు.

ఇది ఎలా సాధించాడో గమనించండి. దాదాపు మాటలుండవు. మనం రోజూ చేసే పనులే వాడూ చేస్తాడు. ఎవరైనా ఇల్లు తుడుస్తుంటే, ఆ మూల మిగిలిపోయిందే అని మన కన్ను దానంతటదే అక్కడికి పోతుంది. ఆ అలవాటునే హిచ్‌కాక్ వాడుకున్నాడు. చూస్తూ చూస్తూ మనమూ ఆ పనిలో చేయి వేసినవాళ్లమవుతాం. ఇక నార్మన్‌గా వేసిన ఆంథొనీ పెర్కిన్స్ నటన. సన్నటి మనిషి, సిగ్గు, మాట తడబడటం. విలన్‌లా కనబడే ఒక్క లక్షణం లేదు. తల్లి చాటు బిడ్డ అని మనవాళ్లు జాలిపడే రకం.

ఇంకొంచెం వెనక్కి వెళ్లి, హత్యకు ముందు ఆ అమ్మాయి ఏం చేస్తోందో కూడా చూడండి. మోటెల్ ఆఫీసు వెనక గదిలో నార్మన్ ఆమెకు తిండి పెట్టి మాట్లాడతాడు. చుట్టూ వాడు రంపపు పొట్టు కూరి నిలబెట్టిన చచ్చిన పక్షులు. ఆ మాటల తర్వాత ఆమె మనసు మారుతుంది. తన గదికి వచ్చి కాగితం మీద నలభై వేలలోంచి ఏడు వందలు తీసేసి లెక్క వేస్తుంది. కారు మార్చుకోవడానికి ఆ ఏడు వందలు ఖర్చయ్యాయి. డబ్బు తిరిగి ఇచ్చేద్దామని నిర్ణయించుకున్నాకే స్నానానికి వెళ్తుంది. నాకు ఆ సీన్‌లో కత్తి కన్నా ఈ లెక్కే ఎక్కువ నొప్పి. ముఖం మీద నీళ్లు పడుతుంటే ఆమె ఎంత తేలికపడిందో చూడండి.

రెండో సగంలో ఏం తెలుస్తుందో ఇక్కడ రాయను. మీరు చూశారు, చూడనివాళ్లు ఈ పేజీ చదువుతుంటారు.

ప్రశ్న: బ్లాక్ అండ్ వైట్ సినిమాలు నాకు ఎక్కవు. 'సైకో'ను 1998లో రంగుల్లో మళ్లీ తీశారట. అది చూస్తే సరిపోతుందా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, మూసాపేట

జవాబు: సరిపోదు నాయనా. దాని దర్శకుడు గస్ వాన్ సాంట్ దాదాపు షాట్‌కు షాట్ అలాగే తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా నేర్చుకోవచ్చు, కానీ ముందు పాతదే చూడు. హిచ్‌కాక్‌కు రంగు దొరక్క కాదు, అంతకు ముందు ఏడాదే 'నార్త్ బై నార్త్‌వెస్ట్' రంగుల్లో తీశాడు. దీన్ని తన టీవీ సిరీస్ టీముతో, సుమారు ఎనిమిది లక్షల డాలర్లతో, ఆ రోజుల లెక్కలో చౌకగా తీశాడు. రంగుల్లో అయితే ఆ రక్తం చూసి జనం ముఖం తిప్పుకుంటారని కూడా ఆయనకు తెలుసు. తొట్టిలో పారేది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపుల్లో అది రక్తం కన్నా రక్తంలా ఉంటుంది.

సంగీతం కూడా అలాగే. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఒక్క తీగ వాయిద్యాలతోనే మొత్తం నడిపించాడు. డప్పు లేదు, బాకా లేదు. బాత్రూమ్ సీన్‌కు అసలు సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట చెప్పాడు. హెర్మన్ అయినా రాసి వినిపించాడు. విన్నాక హిచ్‌కాక్ మనసు మార్చుకున్నాడు. ఆ వయొలిన్ల కీచు లేకుండా ఆ సీన్‌ను ఇప్పుడు ఊహించుకోగలమా? అందుకే ఫోన్ స్పీకర్‌లో మాత్రం చూడకు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకో, లేదా హాస్టల్లో ఎవరి దగ్గరైనా స్పీకర్ అడుగు.

ప్రశ్న: అమీర్‌పేట లేడీస్ హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాను. 'సైకో' చూసి వారం అయింది. స్నానానికి వెళ్లాలంటే టెన్షన్. బకెట్టు, మగ్గు తప్ప షవర్ కూడా లేదు మాకు. అయినా ఎందుకిలా? నాలో ఏదైనా లోపమా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఏ లోపమూ లేదు తల్లీ. ఆ సీన్‌లో నటించిన జానెట్ లీయే, తెర మీద చూసుకున్నాక షవర్ కింద నిలబడటానికి జంకానని చెప్పింది. ఆ సీన్‌కు ఏడు రోజులు షూటింగ్ చేసి, అందులో ప్రతి ముక్కా తెలిసిన మనిషికే అలా ఉంటే నీకు ఉండదా?

నిన్ను పట్టుకున్నది కత్తి కాదనుకుంటాను. ఆ అమ్మాయికి అడుగుల చప్పుడు వినబడదు, నీళ్ల హోరు దాన్ని కప్పేస్తుంది. తెర అవతల తలుపు తెరుచుకోవడం మనకు కనిపిస్తుంది, ఆమెకు తెలియదు. నీ బాత్రూమ్‌లోనూ పంపు బకెట్లో పడుతున్నంతసేపు బయటి శబ్దమేదీ లోపలికి రాదు కదా.

కొన్నాళ్లు ఇలా చెయ్యి. ముందు బకెట్టు నింపుకుని పంపు కట్టేసెయ్. తలుపు గడియ ఒకసారి లాగి చూసుకో. అప్పుడు స్నానం మొదలుపెట్టు. మెస్‌లో గిన్నెల చప్పుడు, వరండాలో చెప్పుల చప్పుడు, పక్క గదిలో అమ్మాయిల కబుర్లు అన్నీ నీకు వినబడుతూ ఉంటాయి.