సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి తీర్పులు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: గోలక్‌నాథ్ తీర్పును కేశవానంద భారతి కేసులో తోసిపుచ్చారు కదా, ఇంకా చదవడమెందుకు?
– లా విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తోసిపుచ్చింది సగమే. రాజ్యాంగ సవరణ కూడా 13వ అధికరణం చెప్పే ‘చట్టం’ కిందికే వస్తుందని, కాబట్టి ప్రాథమిక హక్కులను కుదించే సవరణ చెల్లదని 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో 11 మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తుల్లో, సుబ్బారావు గారితో కలిపి ఆరుగురు అన్నారు. 1973లో కేశవానంద భారతి కేసు విన్న 13 మంది ధర్మాసనం ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. కానీ పార్లమెంటు సవరణ అధికారానికీ ఒక హద్దు ఉంటుందన్న ఆలోచన మౌలిక స్వరూప సిద్ధాంతంగా (రాజ్యాంగ మూల లక్షణాలను సవరణతోనూ చెరపకూడదన్నది) అక్కడే నిలబడింది.

పరీక్షల్లో ఎక్కువమంది తప్పేది ఇంకోచోట. గోలక్‌నాథ్ కేసులో, భూసంస్కరణ చట్టాలకు రక్షణ ఇచ్చిన 17వ సవరణను కొట్టేశారని రాస్తారు. కొట్టేయలేదు. పాత సవరణల మీద ఆధారపడి దేశమంతటా భూసంస్కరణలు అమలైపోయాయి. వాటిని వెనక్కి తిప్పితే అల్లకల్లోలమవుతుంది కనుక, తీర్పు ఆ రోజు నుంచే వర్తిస్తుందన్నారు. పిటిషనర్లకు భూమి దక్కలేదు. ఈ ‘ముందుకే వర్తించే’ సూత్రం సుబ్బారావు గారూ, ఆయనతో కలిసిన నలుగురూ చెప్పింది. ఆ ఆరుగురిలో మిగిలిన న్యాయమూర్తి హిదయతుల్లా గారు విడిగా రాశారు, ఆయన దారి వేరు. ఈ తేడా రాస్తే మార్కులు పోవు.

ప్రశ్న: ఆయన మన గుంటూరులో పనిచేశారా?
– అరండల్‌పేట, గుంటూరు

జవాబు: చేశారు. 1954లో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరులో ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. అంతకు చాలా ముందు బాపట్లలో కొన్నాళ్లు జిల్లా మున్సిఫ్‌గానూ (కింది కోర్టు న్యాయాధికారి) ఉన్నారు. పుట్టింది 1902లో, రాజమండ్రిలో.

ప్రశ్న: నా అభ్యంతరాలు విన్న అధికారి బదిలీ అయ్యారు. ఆయన స్థానంలో వచ్చినవారు నన్ను పిలవకుండానే ఉత్తర్వు ఇచ్చారు. ఇది చెల్లుతుందా?
– గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: మీ ప్రశ్నకు మూలం మన ఉమ్మడి కృష్ణా జిల్లా బస్సుల కేసులోనే ఉంది. జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేసినప్పుడు ప్రైవేటు యజమానుల అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం ప్రకటించింది ముఖ్యమంత్రి. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1958లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాసింది సుబ్బారావు గారే. ఒకరు విని మరొకరు తేల్చితే ఆ వినడం ఉత్త తంతే అవుతుందన్నారు. ఎదుటి మనిషి చెప్పేది చెవిన పడినప్పుడే కదా అనుమానం తీరేది, ప్రశ్న వేయగలిగేది! నా దృష్టిలో గోలక్‌నాథ్ కంటే మామూలు మనిషికి ఎక్కువ అక్కరకొచ్చే తీర్పు ఇదే.

అయితే ఇది ప్రతి ఆఫీసు కాగితానికీ పనికిరాదు. మీ హక్కును తేల్చే నిర్ణయమై ఉండాలి, అందులో వినాల్సిన బాధ్యత ఉండాలి. విన్నవారు ఒకరు, తేల్చేవారు ఒకరు అని చట్టమే ఏర్పాటు చేసి ఉంటే వాదన బలహీనపడుతుంది. కాబట్టి ముందు సంబంధిత సెక్షన్ చదవండి. తర్వాత ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. విచారణ తేదీ, ఆ రోజు కూర్చున్నదెవరు, సంతకం ఎవరిది అన్నవి ఫైల్లో తేలాలి. నోట్ ఫైలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ దానికోసం కూర్చుని అప్పీలు గడువు దాటనివ్వొద్దు. చాలా కేసులు చెడేది ఇక్కడే. అప్పీలు ఉంటే ముందు అక్కడికే వెళ్లమని హైకోర్టు చెప్పడం మామూలు. సహజ న్యాయం (నిర్ణయానికి ముందు మీ మాట వినాలన్న సూత్రం) ఉల్లంఘన జరిగితే రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో నేరుగా రిట్ పిటిషన్ వేసే వీలుంది, అది కోర్టు విచక్షణ.

ఉత్తర్వు ఇంకా రానివాళ్లకు పని తేలిక. కొత్త అధికారి రాగానే మళ్లీ వినమని రాసిచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. తెలిసీ ఊరుకుంటే, అభ్యంతరం వదులుకున్నారని అవతలి పక్షం వాదిస్తుంది.

ప్రశ్న: ఆయన రాసినవాటిలో ముందు ఏది చదవాలి?
– పటమట, విజయవాడ

జవాబు: 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో మెజారిటీతో విభేదించి ఆయన రాసిన అసమ్మతి తీర్పు. అనుమానితుల ఇళ్లకు పోలీసులు రాత్రిపూట వెళ్లే నిబంధనను మిగతావారూ కొట్టేశారు, కానీ బయట నిఘా పెట్టడంలో తప్పు లేదన్నారు. సుబ్బారావు, జె.సి.షా గార్లు మొత్తం నిబంధనే చెల్లదన్నారు. వెన్నంటి కళ్లుంటే మనిషి కదలిక స్వేచ్ఛగా ఎలా ఉంటుందన్నది వారి వాదన. గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమన్న ఆ మాటను 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది ధర్మాసనం పుట్టస్వామి కేసులో నిలబెట్టింది. ఖరక్ సింగ్ తీర్పు దొరికేది ఏ.ఐ.ఆర్. (తీర్పుల సంకలనం) 1963 సుప్రీంకోర్టు సంపుటం, 1295వ పేజీలో. మెజారిటీ తీర్పు ముందు చదివి, తర్వాత అసమ్మతి తీర్పుకు రండి.