వీణ దెబ్బతిని వచ్చిందా, ముందు తీగల జోలికి పోకు

బుజ్జీ,

ఆన్‌లైన్‌లో కొన్న వీణ దెబ్బతిని వచ్చిందని నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. అన్నిటికంటే ముందు ఒక్క మాట, తీగలు బిగించకు. ఓసారి శ్రుతి కలిపి చూద్దాం, పలుకుతుందో లేదో తెలుస్తుంది కదా అని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. గుండ్రటి కుండకి గానీ పొడుగాటి దండికి గానీ సన్నటి బీట ఉంటే ఏడు తీగల లాగుడుకి అది ఇంకా విచ్చుకుంటుంది. అప్పుడు అమ్మినవాడు "మా దగ్గర బయల్దేరినప్పుడు బాగానే ఉందండీ, మీరే బిగించి పాడుచేసుకున్నారు" అంటాడు. ఆ సందు వాడికివ్వకు. ఫెవికాల్ రాద్దాం, నూనె పెట్టి తుడుద్దాం అని మీ నాన్న బయల్దేరతాడేమో, ఆయన్నీ ఆపు.

అట్టపెట్టె, థర్మాకోల్, లోపల కుక్కిన పాత పేపర్లు, ఏదీ పారేయొద్దు. వీణని వెనక్కి తీసుకెళ్ళడానికి మనిషి వస్తే పెట్టె అడుగుతాడు, అంత పొడుగు పెట్టె నీకు మళ్ళీ ఎక్కడా దొరకదు. పైన అంటించిన చీటీ, పెట్టె నొక్కుకుపోయిన మూల, ఆ మూలకి లోపల వీణలో ఏ భాగం ఉందో తెలిసేలా, ఇవన్నీ పగటి వెలుతురులో ఫొటోలు తియ్యి. విప్పేటప్పుడు వీడియో తియ్యలేదన్నావు, పోనీలే, అది లేకపోతే హక్కు పోయినట్టు కాదు. వచ్చిన రోజే రాశావా లేదా అన్నదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక అసలు సంగతి. వీణలో చూడగానే గుండె జారిపోయేలా కనబడేవి చాలావరకు బాగయ్యేవే, చూపుకి ఆననివే బాగుకానివి. నీ ఫొటోల్లో మెట్లు, అంటే తీగని నొక్కి పట్టే కడ్డీలు, పక్కకి జారి, నల్లటి మైనం కారి దండి మీదకి వచ్చింది కదా, దాన్ని చూసే నువ్వు ఏడ్చావు. అది ఎండ చేసిన పని. 24 మెట్లనీ నిలబెట్టేది ఆ మైనమే, తేనెమైనంలో గుగ్గిలం, నల్లపొడి కలిపి కరిగించి పోస్తారు, మే నెలలో మూసిన వ్యానులో ఒక పగలుంటే మెత్తబడక ఏమవుతుంది? తెలిసినవాళ్ళ చేత మళ్ళీ మేళం కట్టిస్తే, అంటే మెట్లని మైనంలో శ్రుతికి సరిగ్గా నిలబెట్టిస్తే, సరిపోతుంది, ఎలాగూ కొన్నేళ్ళకోసారి చేయించుకోవలసిన పనే. తీగలు వదులుగా ఉన్నాయంటే కావాలనే వదులు చేసి పంపారన్నమాట, అది మంచిదే. కుండ మీద తీగల్ని మోసే గుర్రం పడిపోయినా భయం లేదు, దాన్ని తీగలే అదిమి పడతాయి. దండి కింద ఉండే సొరబుర్ర ఊడిందన్నావు, అది మామూలుగా తిప్పి బిగించేదే, మర అరిగిందో లేదో చూసుకో చాలు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. సెల్‌ఫోన్ టార్చి వేసి కుండ అడుగు, పక్కలు, కుండా దండీ కలిసే మెడ దగ్గర నెమ్మదిగా చూడు. వేలి కణుపుతో కుండ చుట్టూ కొంచెం కొంచెంగా తట్టు, ఒకచోట గణగణమని, పక్కనే జరజరమంటే అక్కడ చెక్క విడిచిందని లెక్క. కొత్త బీట అంచులు లేత రంగులో, పదునుగా ఉంటాయి. అంచుల్లో దుమ్మో పాలిషో పట్టి ఉంటే అది దారిలో పడ్డ దెబ్బ కాదు, పగిలినదాన్నే పూత పూసి నీకు అంటగట్టారు. తీగలు చుట్టే బిరడాలు ఒక్కొక్కటీ వదులయ్యే వైపే కాస్త తిప్పి చూడు, బిరడా వదులైతే సరిచేస్తారు, బిరడా పెట్టే రంధ్రం దగ్గర చెక్క చీలితే మాత్రం ఒప్పుకోవద్దు. దండి వంగిందేమో ఒక చివర కన్ను పెట్టి బారుగా చూడు.

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. అమ్మినవాళ్ళ పేజీలో ఏకాండి వీణ అని రాశారు, బొబ్బిలి పేరు కూడా వాడారు. ఏకాండి అంటే కుండా దండీ ఒకే పనస దుంగలో తొలిచినవి, కుండ మీది పలక విడిగానే ఉంటుంది, దాన్ని చూసి పొరబడకు. మెడ చుట్టూ పూలపట్టీ అంటించి ఉంది కదా, దాని పక్కన అతుకు గీత కనబడుతోందేమో చూడు. అతుకు ఉంటే నీ ఫిర్యాదు రెండింతలు గట్టిపడుతుంది, ఎందుకంటే ఇక అది రవాణా దెబ్బ గొడవ కాదు, చెప్పిన వస్తువు ఒకటి, పంపింది ఇంకొకటి.

కుండా దండీ బాగుండి మెట్లు మాత్రమే పోతే, మేళం ఖర్చూ ఆటో ఖర్చూ వాళ్ళని ఇమ్మను, వీణ ఉంచేసుకో. మళ్ళీ వెనక్కి పంపి ఇంకోటి తెప్పిస్తే అదీ ఇదే ఎండలో వస్తుంది. చెక్క పగిలితే మాత్రం, "ఓ రెండు వేలు తగ్గిస్తాం, సర్దుకోండి" అన్నా ఒప్పుకోకు. రెండు వేలతో మేళం అవుతుందేమో, కుండ అవదు.

ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా లాభం లేదు, కొన్న యాప్‌లోనే రాయి, మెయిల్ కూడా పెట్టు. బాధంతా రాయకు, మూడు నాలుగు వాక్యాలు చాలు: ఫలానా తేదీన వచ్చింది, ఆర్డర్ నంబర్ ఇది, ఫలానా చోట ఇంత పొడవు పగులు ఉంది, ఫొటోలు జతచేశాను, డబ్బు వాపసు కావాలి, తీసుకెళ్ళడానికి మీరే మనిషిని పంపండి. రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూసుకో. "మా మేస్త్రీ వచ్చే వారం వచ్చి చూస్తాడు" అనడం పాత ఎత్తు, మేస్త్రీ రాడు, గడువు మాత్రం దాటిపోతుంది. కొరియర్ వాళ్ళని అడుక్కోండి అంటారు, నువ్వు డబ్బిచ్చింది కొరియర్‌కి కాదు. చేత్తో చేసినవి వాపసు తీసుకోం అంటారు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువునీ, చెప్పినట్టు లేని వస్తువునీ వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, నువ్వున్న ఊళ్ళోనే వేయొచ్చు, రెండేళ్ళ లోపు ఎప్పుడైనా, ఐదు లక్షల దాకా ఫీజు లేదు, లాయరు లేకుండానే. అంతదాకా పోదు లే, ఈ మాట మర్యాదగా ఒక వాక్యంలో రాస్తే చాలాసార్లు అక్కడే కదలిక వస్తుంది.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు తల్లీ. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని కూర్చుంటాయి, రీఫండ్ వేస్తాం ఈ యాప్ దించుకోండి, ఓటీపీ చెప్పండి అంటారు. డబ్బు వెనక్కి రావడానికి నువ్వు ఓటీపీ చెప్పే పనే ఉండదు.

ఇదే నువ్వు బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లిలో, చేసినాయన దగ్గరే నేరుగా కొని ఉంటే నేను వేరే రకంగా చెప్పేవాణ్ణి. వాళ్ళు ఫొటో చూడగానే ఏది తమ తప్పో ఏది దారిలో పోయిందో చెప్పేస్తారు, బాగుచేసి ఇస్తారు కూడా, వాళ్ళకి నోటీసు భాష వాడకూడదు. నువ్వు కొన్నది మధ్యలో పెట్టెలు మార్చేవాడి దగ్గర. వాడి మీద మొహమాటం దేనికి?

మెడ దగ్గరవి, కుండ అడుగువి దగ్గరగా తీసిన ఫొటోలు సాయంత్రం లోపు పంపు, పక్కన ఒక స్కేలు పెట్టి తియ్యి. పగులో, ఉత్త పాలిష్ గీతో నేను చూసి చెప్తాను, ఆ తర్వాతే మెయిల్ పంపు. ఈలోగా వీణని మంచం మీద పడుకోబెట్టు, కిటికీ ఎండ తగలనీయకు.

మీ పెదనాన్న