ఏసీ గ్యాస్ మనమే ఎక్కించుకుంటే డబ్బు మిగులుతుందా?

తమ్ముడూ, సెకండ్ హ్యాండ్ కారు కొన్నావు, ఏసీ చల్లదనం తగ్గింది, రూమ్మేటేమో గ్యాస్ డబ్బా తెచ్చి ఎక్కించెయ్, మెకానిక్‌కి దండగ అంటున్నాడు. అమెరికా వచ్చిన ప్రతివాడికీ మొదటి ఎండాకాలంలో ఇలాంటి రూమ్మేట్ ఒకడు తగులుతాడు. నాకూ తగిలాడు. వాడి మాట విని చివరికి గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌నే మార్పించుకున్నవాణ్ణి కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. నాకీ ముక్క ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్లో ఇంటికి ఎంత పంపగలను అన్న లెక్క తప్ప బుర్రలో ఇంకోటి లేదు. డబ్బా తెచ్చి ఎక్కించాను, చల్లగా వచ్చింది, నా అంత మొనగాడు లేడనుకున్నాను. కొన్నాళ్ళకి మళ్ళీ వేడి గాలి. ఈసారి 'లీకు కూడా మూస్తుంది' అని రాసున్న డబ్బా కొన్నాను, ఒక ఖర్చుతో రెండు పనులని. తీరా షాపుకి వెళ్తే మెకానిక్ అడిగిన మొదటి ప్రశ్న సీలెంట్, అంటే ఆ లీకు మూసే బంక, వేశావా అని. అవునన్నాక గ్యాస్ తీసి ఎక్కించే మెషీన్ తగిలించనే లేదు. ఆ బంక లోపలికి పోతే వాళ్ళ మెషీన్ పాడవుతుందట, అతని బాధ అతనిది.

ఇంతకంటే పెద్ద తప్పు గేజీని నమ్మడం. డబ్బాతో వచ్చే ఆ చిన్న గేజీ లో సైడ్ ప్రెషర్, అంటే ఒత్తిడి తక్కువుండే వైపు లెక్క, చూపిస్తుంది, అంతే. లోపల ఎన్ని గ్రాములుందో దానికేం తెలుసు? పైగా ఆ ప్రెషర్ బయటి ఎండని బట్టి మారిపోతుంది. ఎక్కువ ఎక్కితే కూడా చల్లదనం తగ్గుతుంది. అది చూసి నేను ఇంకా చాలలేదనుకుని ఇంకాస్త వదిలాను. పాపం కంప్రెసర్ ఎంతకని తట్టుకుంటుంది!

బానెట్ కింద స్టిక్కర్ చూడు, ఏ గ్యాస్, ఎంత బరువు అని ఉంటుంది. దానిమీద 500 గ్రాములని ఉందనుకో, 12 ఔన్సుల డబ్బా అంటే 340 గ్రాములు, కొంచెమే తగ్గిన ఏసీలో అది మొత్తం వంచితే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. ఆర్-134ఏ, ఆర్-1234వైఎఫ్ అని రెండు రకాల గ్యాసులుంటాయి, ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు, రెండోదానికి నిప్పంటుకునే గుణం కూడా ఉంది. హైబ్రిడ్ కారైతే అసలు ముట్టుకోకు, చాలావాటిలో కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది, దాని ఆయిల్ వేరు. ఇంకోటి, కారు పరిగెడుతున్నప్పుడు చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతుంటే తప్పు రేడియేటర్ ఫ్యాన్‌ది కావచ్చు. గాలే సరిగ్గా రాకపోతే ముందు కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడు, డబ్బా కంటే చవక.

ఇంత చెప్పినా నువ్వు చేస్తావని తెలుసు, మనవాళ్ళ సంగతి నాకు తెలియనిదా. సరే, కళ్ళజోడు, గ్లవ్స్ లేకుండా మొదలుపెట్టకు. ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోయే ద్రవం, కంట్లో పడితే కన్ను పోవచ్చు, చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది. లావు పైపు మీద ఎల్ (లో సైడ్) అని ఉన్న మూత, గొట్టం అక్కడే పెట్టాలి. హెచ్ వైపు, అంటే ఒత్తిడి ఎక్కువుండే హై సైడ్‌కి, పట్టదు. పట్టడం లేదని అడాప్టర్ వెతికావో, అటు ప్రెషర్‌కి డబ్బా చేతిలోనే పేలొచ్చు. ఇంజిన్ నడుస్తుండగా చేసే పని కాబట్టి మెళ్ళో వేలాడే ఆఫీస్ ఐడీ తీసెయ్, ఫ్యాన్ ఉన్నట్టుండి దానంతటదే తిరుగుతుంది. డబ్బా నిటారుగా పట్టుకో, తలకిందులు చేస్తే ద్రవమే నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. త్వరగా ఎక్కుతుందని వేడినీళ్ళలో పెట్టకు. మూసిన గరాజ్‌లో వద్దు, దగ్గర్లో సిగరెట్ వద్దు. గ్యాస్ ఎక్కువైందని గాల్లోకి వదలడం చట్టం ఒప్పుకోదు, మిగతా రూల్స్ ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ సైట్‌లో ఉంటాయి, చూసుకో.

నన్నడిగితే ఒక్కసారి షాపుకే వెళ్ళు. ముందు లీకు చూడమను. తర్వాత మెషీన్ పాత గ్యాస్ తీసి, వాక్యూమ్ పెట్టి లోపలి గాలీ తేమా లాగేసి, తూకం ప్రకారం ఎక్కిస్తుంది. ఎన్ని గ్రాములు బయటికొచ్చింది, ఎన్ని ఎక్కించారు, రెండూ బిల్లు మీద రాయించుకో. మొహమాటపడకు, డబ్బు నీది. వచ్చే వేసవికి మళ్ళీ తగ్గితే ఎంత వేగంగా కారుతోందో ఆ అంకెలతోనే తేలుతుంది, రిపేరుకి పెట్టాలా, కారే అమ్మేయాలా అన్నది అప్పుడు లెక్కేసుకోవచ్చు.